గణితంలో డిగ్రీ: ఎలా చదవాలి, చదివి ఎటు వెళ్లాలి

బడిలో లెక్కలంటే జవాబు రాబట్టడం. సూత్రం ఇస్తారు, అంకెలు ఇస్తారు, తప్పు లేకుండా వేగంగా చేస్తే నూటికి నూరు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి నెలలోనే ఆట మారిపోతుంది. జవాబు ముందే చెప్పేసి, ఇది ఎందుకు నిజమో చూపించమంటారు. బడిలో ఎప్పుడూ ముందుండేవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే. తెలివి చాలక కాదు, పాత పద్ధతిలోనే చదువుతూ పోవడం వల్ల. అందుకే ఇందులో సగానికి పైగా చదివే తీరు గురించే రాస్తున్నాను. ఉద్యోగాల సంగతి తర్వాత వస్తుంది. కానీ దాన్ని చివరి ఏడాదికి వాయిదా వేయకండి. ఎందుకో అక్కడే చెబుతాను.

చేరే ముందు ఒక చిన్న పరీక్ష

గణితం మీకు సరిపడుతుందో లేదో మార్కుల జాబితా చెప్పదు. దానికి బదులు ఇది చేసి చూడండి. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ రెండువేల ఏళ్లకు ముందే చూపించాడు. వాదన ఇంతే: మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలపండి. వచ్చినదాన్ని మీ జాబితాలోని దేనితో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదో ఒకటి జాబితా బయట ఉండి తీరాలి.

ఇప్పుడు ప్రశ్న. అలా వచ్చిన సంఖ్య ఎప్పుడూ ప్రధాన సంఖ్యే అవుతుందా? 2×3+1 అంటే 7. మరో అడుగు వేస్తే 31, ఆపైన 211, ఆపైన 2311. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఔననే అనిపిస్తుంది. 13 వరకు గుణించి 1 కలిపితే 30031 వస్తుంది. అది 59×509. మరి యూక్లిడ్ వాదన కూలిపోయినట్టేనా? పెన్ను తీసుకుని కాసేపు ఆలోచించండి. (కూలలేదు. 59, 509 రెండూ జాబితాలో లేనివే కదా.)

ఈ మలుపు దగ్గర మీకు ఇంకొంచెం తవ్వాలనిపిస్తే, 17 దాకా వెళ్తే ఏమవుతుందో చూడాలనిపిస్తే, ఈ డిగ్రీ మీకు నచ్చుతుంది. "సరేగాని, దీన్ని ఎక్కడ వాడతారు?" అన్న ప్రశ్నే ముందు వస్తే ఇంజనీరింగో, స్టాటిస్టిక్సో, ఎకనామిక్సో మీకు ఎక్కువ తృప్తినివ్వవచ్చు. అవీ గణితం మీద నడిచేవే. ఇందులో ఎక్కువ తక్కువలేమీ లేవు.

కోర్సులో ఏముంటుందో కూడా ముందే చూసుకోండి. పేర్లు చోటుని బట్టి కొంచెం మారినా సరుకు దాదాపు ఒకటే: కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, సమూహాలూ (గ్రూపులు) వలయాలూ (రింగులు) ఉండే అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, అవకల సమీకరణాలు, సంకీర్ణ విశ్లేషణ, సంభావ్యత, న్యూమరికల్ మెథడ్స్. ఆపైన సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ), టోపాలజీ, ఆప్టిమైజేషన్ లాంటివి మీరు ఎంచుకునేవి. ప్రాస్పెక్టస్‌లో ముందుగా చూడవలసింది ఈ ఎంచుకునే జాబితానే. అది ఎంత పొడుగ్గా ఉంటే మీకు అన్ని దారులు.

మొదటి పని: "ప్రతి", "ఏదో ఒకటి" ఎక్కడున్నాయో చూడటం

క్లాసులు మొదలయ్యేలోపు సమితులు, తర్కం మీద రెండు మూడు వారాలు పెట్టండి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. అందులోనూ ఒక్క విషయం మీద దృష్టి పెడితే చాలు. "ప్రతి సంఖ్యకూ దానికంటే పెద్ద సంఖ్య ఒకటి ఉంది" అంటే నిజం. "ప్రతి సంఖ్యకంటే పెద్దదైన సంఖ్య ఒకటి ఉంది" అంటే అబద్ధం. మాటలు దాదాపు అవే, వరుస మారింది.

ఇది పిల్లల ఆటలా కనిపించవచ్చు. కానీ ఇక్కడ పెద్ద గణితజ్ఞులే తడబడ్డారు. అవిచ్ఛిన్నమైన (ఎక్కడా తెగని) ప్రమేయాలను అభిసరించే శ్రేణిగా (ఒక పరిమితికి చేరే మొత్తంగా) కలిపితే మొత్తం కూడా అవిచ్ఛిన్నమే అవుతుందని 1821లో కోషీ అంతటివాడు ప్రచురించాడు. 1826లో ఆబెల్ ఒక సైన్ శ్రేణిని చూపించి, ఈ సిద్ధాంతానికి మినహాయింపులున్నట్టున్నాయని మర్యాదగానే రాశాడు. చిక్కుముడి ఎక్కడంటే, ప్రతి బిందువుకూ వేరువేరుగా ఒక హద్దు దొరకడం ఒకటి, అన్ని బిందువులకూ కలిపి ఒకే హద్దు దొరకడం మరొకటి. రెండో దాన్ని ఇప్పుడు ఏకరూప అభిసరణం అంటున్నాం. రియల్ అనాలిసిస్‌లో విద్యార్థులు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇప్పటికీ ఇలాంటి చోటే.

అభ్యాసం కోసం రోజుకు ఒక వాక్యం తీసుకుని దాని వ్యతిరేకాన్ని రాయండి. "ఈ అనుక్రమం అభిసరిస్తుంది" అన్నదానికి వ్యతిరేకం "అపసరిస్తుంది" అని రాసేస్తే సరిపోదు. ఎప్సిలాన్‌తో (ఎంత చిన్నదైనా కావచ్చనుకునే ధన సంఖ్యతో) సహా పూర్తిగా రాయాలి: ఏ పరిమితిని ప్రతిపాదించినా, ఏదో ఒక ధన ఎప్సిలాన్ ఉంటుంది, ఎంత దూరం వెళ్లినా ఆ తర్వాత ఏదో ఒక పదం పరిమితికి కనీసం అంత దూరంలో ఉంటుంది. ఇది తడుముకోకుండా రాయగలిగిన రోజున మొదటి సెమిస్టర్‌లో సగం భయం పోయినట్టే.

రెండో పని: నిర్వచనాన్ని కంఠస్థం చేసి, ఆపైన దాన్ని పరీక్షించడం

గణితంలో బట్టీ పట్టకూడదని అందరూ అంటారు. నిర్వచనాల విషయంలో ఆ సలహాను పక్కన పెట్టండి. నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రావాలి. "సుమారుగా తెలుసు" అంటే నిరూపణ మొదటి వాక్యమే రాయలేరు. ఎందుకంటే తొలి ఏడాది నిరూపణల్లో చాలావాటికి మొదటి వాక్యం నిర్వచనమే.

కంఠస్థం అయ్యాక అసలు పని మొదలవుతుంది. ప్రతి నిర్వచనానికీ అందులో ఇమిడే ఉదాహరణలు మూడు, ఇమడనివి రెండు రాసుకోండి. సమూహాన్ని (ఒక క్రియతో మూలకాలను కలుపుకోగల, ప్రతి మూలకానికీ విలోమం ఉండే సమితిని) తీసుకుంటే, కూడికతో పూర్ణ సంఖ్యలు సమూహమే. గుణకారంతో సున్నా కాని పూర్ణ సంఖ్యలు సమూహం కావు. 2కు విలోమం అక్కడ లేదు మరి. విలోమం ఉన్న 2×2 మాత్రికలు గుణకారంతో సమూహమే అవుతాయి గానీ వరుస మారిస్తే ఫలితం మారుతుంది. ఈ మూడో ఉదాహరణ చేతిలో ఉంటే, వినిమయ ధర్మం ఉన్నట్టు తెలియకుండానే ఊహించుకునే అలవాటు పోతుంది.

తర్వాత నిర్వచనంలో ఒక షరతు తీసేసి చూడండి. ఏది ఒరిగిపోతుంది? అవిచ్ఛిన్నమైన ప్రమేయానికి ఎక్కడో ఒకచోటైనా అవకలనం ఉంటుందని మనసు చెబుతుంది. 1872లో జర్మన్ గణితజ్ఞుడు వైయర్‌స్ట్రాస్ అంతటా అవిచ్ఛిన్నమై, ఎక్కడా అవకలనం లేని ప్రమేయాన్ని చూపించాడు. ఇలాంటి వింత ఉదాహరణలకు ఒక చిన్న నోటుబుక్ విడిగా పెట్టండి. పరీక్షల ముందు పాఠ్యపుస్తకం కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ ఆదుకుంటుంది.

మూడో పని: నిరూపణ చదవడం

కొత్త విషయంలో ఒక పేజీకి గంట పడితే అది మామూలు వేగమే. నవల చదివే వేగంతో పోల్చుకుని నిరాశపడకండి.

సిద్ధాంతం ఏం చెబుతోందో చదివి, నిరూపణను కాగితంతో మూసేయండి. ముందు షరతులు ఒక్కొక్కటిగా పట్టుకోండి. మధ్యస్థ విలువ సిద్ధాంతం చూడండి: అవిచ్ఛిన్న ప్రమేయం ఒక కొసన రుణాత్మకం, మరో కొసన ధనాత్మకం అయితే మధ్యలో ఎక్కడో సున్నా అవుతుంది. బొమ్మ గీస్తే ఇందులో నిరూపించడానికి ఏముందనిపిస్తుంది. ఇప్పుడు అకరణీయ సంఖ్యల్లో మాత్రమే ఉండి చూడండి. ఒక సంఖ్య వర్గంలోంచి 2 తీసేసే ప్రమేయం 1 దగ్గర రుణాత్మకం, 2 దగ్గర ధనాత్మకం, మధ్యలో ఎక్కడా సున్నా కాదు. సున్నా కావలసిన చోట √2 ఉండాలి, అకరణీయ సంఖ్యల్లో అది లేదు. అంటే ఈ సిద్ధాంతం ప్రమేయం గురించి ఎంత చెబుతోందో వాస్తవ సంఖ్యలకున్న సంపూర్ణత (మధ్యలో ఖాళీలు లేకపోవడం) గురించీ అంతే చెబుతోంది. ఇప్పుడు కాగితం తీసి నిరూపణ చదివితే, సంపూర్ణత ఏ వరుసలో వాడారో మీ కన్ను దానంతటదే వెతుకుతుంది. అది దొరికితే నిరూపణ గుండెకాయ దొరికినట్టే.

చదవడం అయ్యాక పుస్తకం మూసి, నిరూపణను రెండే వాక్యాల్లో మీ మాటల్లో చెప్పండి. తర్వాత ఆ రెండు వాక్యాల నుంచి పూర్తి నిరూపణను తిరిగి నిర్మించండి. వరుసలు గుర్తుపెట్టుకునేవాళ్లు పరీక్షలో ఒక వరుస మరిచిపోతే అక్కడే ఆగిపోతారు. ఆలోచన గుర్తున్నవాళ్లు ఆ వరుసను అక్కడికక్కడే పుట్టించుకుంటారు.

నాలుగో పని: వారం ఎలా గడవాలి, చిక్కుకుంటే ఏం చేయాలి

క్లాసులో విన్నదాన్ని అదే రోజు రాత్రి మళ్లీ ఒకసారి రాయండి. మిగిలిన సమయమంతా అభ్యాసాలకే. ఇందులో రాజీ లేదు. వీడియోల్లో ఎవరో లెక్క చేస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. పక్కవాడు పరిగెత్తుతుంటే చూసినంత మాత్రాన మన కాళ్లకు బలం రాదు.

అభ్యాసాల కాగితం చేతికొచ్చిన రోజే అన్ని ప్రశ్నలూ ఒకసారి చదవండి. గడువుకు ముందు రోజు మొదలుపెడితే ఒక్క ప్రశ్నకు కూడా మనసులో నానే సమయం ఉండదు. మొదట ఒంటరిగా ప్రయత్నించండి. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని చర్చించండి. చివరగా రాసేటప్పుడు మళ్లీ ఒంటరిగా, చర్చలో రాసుకున్న కాగితాలు చూడకుండా రాయండి. ఈ చివరి భాగం వదిలేసేవాళ్లే ఎక్కువ. అభ్యాసాల మార్కులకూ పరీక్షల మార్కులకూ మధ్య పెద్ద తేడా కనిపించేది కూడా వాళ్లకే.

చిక్కుకోవడం ఈ చదువులో రోజువారీ స్థితి. అలాంటప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నలో ఉన్నదాన్ని చిన్నది చేయండి: అన్ని పరిమాణాలకూ బదులు రెండు, అన్ని సమూహాలకూ బదులు ఆరు మూలకాలున్నది. ఇచ్చిన షరతుల్లో ఇంకా వాడనిది ఏదో చూడండి. నిరూపించవలసిన వాక్యం అబద్ధమనుకుని ప్రత్యుదాహరణ కట్టబోయి చూడండి. ఆ ప్రయత్నం ఎక్కడ విఫలమవుతుందో సాధారణంగా నిరూపణ అక్కడే ఉంటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలించిన ఉపాయం ఇదే. ఇవన్నీ చేసినా ముందుకు కదలకపోతే మర్నాటికి వదిలేయండి.

ఆ తర్వాతే అధ్యాపకుల దగ్గరకు వెళ్లండి. "నాకు ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్" అంటే ఆయన మళ్లీ అదే పాఠం చెబుతారు. "ఇక్కడిదాకా అర్థమైంది మేడమ్, ఈ వరుసలో ఈ డెల్టాను ముందే ఎందుకు ఎంచుకున్నారో తెలియలేదు" అంటే రెండు నిమిషాల్లో ముడి విడిపోతుంది.

ఏఐ చాట్‌బాట్లను అడగవచ్చా? అడగండి, మీ ప్రయత్నం ముగిశాక. అవి రాసే నిరూపణ తీరుగా ఉంటుంది, కానీ ఒక్కోసారి మధ్యలో ఒక వరుస గాల్లో వేలాడుతుంటుంది. దాన్ని తోటి విద్యార్థి రాసిన కాగితంలా దిద్దండి. తప్పు పట్టుకోవడమే మంచి అభ్యాసం. నిరూపణను యంత్రమే వరుస వరుసగా తనిఖీ చేయాలంటే లీన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. 2020 చివర్లో జర్మన్ గణితజ్ఞుడు పీటర్ షోల్జ్ తన సిద్ధాంతం ఒకదాన్ని ఇలా తనిఖీ చేయగలరా అని సవాలు విసిరితే, లీన్ వాడే బృందం 2022లో ఆ పని పూర్తి చేసింది. ఆసక్తి ఉన్నవాళ్లకు మంచి వేసవి కాలక్షేపం. అందరికీ అవసరం లేదు.

అయిదో పని: రెండో ఏడాదిలోనే మూడు పనిముట్లు

ఉద్యోగాల ఊసు ఇక్కడ మొదలవుతుంది. గణితంలో డిగ్రీ ఉన్నంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. గణితంతో పాటు చేతికి ఇంకొకటి రావాలి. అది ఏదో తేలేలోపు, ఎటు వెళ్లినా పనికొచ్చే మూడింటిని రెండో ఏడాది ముగిసేసరికి పట్టుకోండి.

మొదటిది లీనియర్ ఆల్జీబ్రా. ఇది ఎలాగూ సిలబస్‌లో ఉంటుంది, కానీ చాలామంది మాత్రికల కూడికలూ తీసివేతలుగా చూసి దాటేస్తారు. గూగుల్ మొదట్లో వెబ్ పేజీలకు వరుస పెట్టిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, నడుమ లింకులతో కట్టిన ఒక బ్రహ్మాండమైన మాత్రికకు ఐగెన్ వెక్టర్ (ఆ మాత్రికతో గుణించినా దిశ మారని వెక్టర్) కనుక్కోవడమే. బొమ్మను కుదించడం, సిఫార్సులు చేయడం, న్యూరల్ నెట్‌వర్క్ లోపలి లెక్క, అన్నీ ఇక్కడికే వస్తాయి. ఈ ఒక్క కోర్సును రెండుసార్లు చదవమన్నా తప్పులేదంటాను: ఒకసారి నిరూపణలతో, ఒకసారి కంప్యూటర్ మీద.

రెండోది సంభావ్యత, దాని వెంట స్టాటిస్టిక్స్. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బుకు, రోగినైనా ఆరోగ్యవంతుణ్నైనా నూటికి 99 సార్లు సరిగ్గా గుర్తించే పరీక్ష ఉందనుకోండి. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బుండే అవకాశం ఎంత? లక్షమందిని తీసుకుంటే జబ్బున్న 100 మందిలో 99 మందికి పాజిటివ్, జబ్బులేని 99,900 మందిలో 999 మందికీ పాజిటివ్. అంటే దాదాపు 9 శాతమే. ఈ లెక్కను అవతలివాళ్లు నమ్మేలా నోటితో చెప్పగలగాలి. ఇంటర్వ్యూల్లో ఈ రకం ప్రశ్నలు వస్తూనే ఉంటాయి.

మూడోది ప్రోగ్రామింగ్. పైథాన్ చాలు మొదటికి. డేటా వైపు వెళ్తే డేటాబేస్‌లను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్, స్టాటిస్టిక్స్ వైపు అయితే ఆర్ అనే భాష. 0.1, 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అని చూపిస్తుంది. అది ఎందుకో తెలుసుకోవడం న్యూమరికల్ మెథడ్స్‌కు మంచి ప్రవేశం. గణిత కాగితాలు టైప్‌చేసే లేటెక్‌లో రాయడం కూడా ఈలోపే అలవాటు చేసుకోండి.

ఆరో పని: ఎటు వెళ్లాలో చూసి కోర్సులు ఎంచుకోవడం

ఎంచుకునే కోర్సులు మూడో ఏడాదిలో వస్తాయి, వాటికి ముందు చదవాల్సినవి రెండో ఏడాదిలో ఉంటాయి. ఉద్యోగం గురించి ముందే ఆలోచించమన్నది ఇందుకే.

డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్ వైపు ఇప్పుడు అందరి చూపూ ఉంది. సంభావ్యత, స్టాటిస్టిక్స్, ఆప్టిమైజేషన్ తీసుకోండి. కోడ్ రాసేవాళ్లకు కొదవ లేదు. అంకెలు ఏం చెప్పడం లేదో పట్టుకోగలిగేవాళ్లే తక్కువ. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పోస్ట్ గ్రాడ్యుయేట్ ప్రవేశాల్లో దరఖాస్తు చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతానికి, ఆడవాళ్లలో సుమారు 35 శాతానికి సీట్లొచ్చాయి. వివక్ష స్పష్టంగా ఉన్నట్టే కనిపించింది. శాఖలవారీగా విడదీసి చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. సీటు దొరకడం కష్టమైన శాఖలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు. ఒకే డేటా, విడదీసే తీరును బట్టి రెండు కథలు. ఏ తీరులో విడదీయాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు. షరతులు ఒక్కొక్కటిగా తీసి చూసే అలవాటున్న మీకు ఆ అనుమానం ముందే వస్తుంది.

సమాచారాన్ని రహస్యంగా దాచే క్రిప్టోగ్రఫీకి సంఖ్యా సిద్ధాంతం, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా కావాలి. "ఇవి దేనికీ పనికిరావు" అని సీనియర్లు చెప్పే రెండు కోర్సులూ ఇవే. రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ కలిసి 1977లో ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపి పద్ధతిని కనుక్కున్నారు. పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడదీయడం కష్టమన్న నమ్మకమే దాని పునాది. బ్రిటిష్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసే క్లిఫర్డ్ కాక్స్ అనే గణితం చదివిన యువకుడు దాదాపు ఇదే పద్ధతిని 1973లోనే కనుక్కున్నాడు. 1997 దాకా అది బయటపడలేదు. క్వాంటం కంప్యూటర్ వస్తే ఈ పునాది కదులుతుందని 1994లో పీటర్ షోర్ చూపించాడు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త ప్రమాణాలు మూడు ప్రకటించింది, వాటిలో రెండు లాటిస్ (క్రమబద్ధమైన బిందువుల జాలం) గణితం మీద నిలబడ్డవి. పాత వ్యవస్థలను కొత్తవాటికి మార్చే పని ఇంకా ఏళ్ల తరబడి సాగుతుంది. బీజగణితం ఇష్టమైనవాళ్లకు ఇది నిజంగా మంచి కాలం.

బీమా, పింఛన్ల నష్టభయాన్ని లెక్కగట్టే యాక్చురీ వృత్తి పాతది, స్థిరమైనది. తోకచుక్కతో పేరు ముడిపడిన హాలీ 1693లో ఒక పట్టణం జనన మరణాల లెక్కలతో జీవిత పట్టిక తయారుచేసి, యాన్యుటీల (బతికున్నంత కాలం ఏటా వచ్చే చెల్లింపుల) వెల కట్టాడు. ఇప్పటి బీమా, పింఛను లెక్కలు ఆ దారిలోనివే. వృత్తి సంస్థలు పెట్టే పరీక్షలు వరుసగా ఉంటాయి, ఉద్యోగం చేస్తూ ఏళ్లపాటు రాయాలి. డిగ్రీలో ఉండగానే ఒకటి రెండు పాసైతే ఆసక్తి నిజమైందని కంపెనీలకు తెలుస్తుంది. కాలేజీతో పరీక్షలు అయిపోవాలనుకునేవాళ్లు ఇటు రావద్దు.

ఫైనాన్స్‌లో గణిత నమూనాలతో వెలలూ నష్టభయాలూ లెక్కగట్టే క్వాంట్ ఉద్యోగాలకు జీతాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. ఆప్షన్లకు వెల కట్టే, 1973లో వచ్చిన బ్లాక్-షోల్స్ సూత్రం వెనకున్న స్టోకాస్టిక్ కాలిక్యులస్ (యాదృచ్ఛికంగా మారేవాటి కాలిక్యులస్) డిగ్రీ స్థాయిని దాటినది. అందుకే అక్కడ మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ ఉన్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

విమానాల, సిబ్బంది షెడ్యూళ్లు, సరుకు రవాణా దారులు లెక్కకట్టే ఆపరేషన్స్ రీసెర్చ్ గురించి విద్యార్థులు పెద్దగా మాట్లాడుకోరు, పని మాత్రం చాలా ఉంది. డాంట్జిగ్ 1947లో చెప్పిన సింప్లెక్స్ పద్ధతి (షరతుల మధ్య మేలైన ఎంపికను వెతికే పద్ధతి) నుంచి మొదలుపెట్టండి. అవకల సమీకరణాలు, న్యూమరికల్ మెథడ్స్ ఇష్టమైతే వాతావరణ నమూనాలు, ఇంజనీరింగ్ సిమ్యులేషన్, వైద్య చిత్రణ ఉన్నాయి. సీటీ స్కాన్ లోపల జరిగే లెక్కను గణితజ్ఞుడు రాడన్ 1917లోనే చేసి పెట్టాడు. ఆ సంగతి తెలియకుండానే భౌతిక శాస్త్రవేత్త కార్మాక్ దాన్ని మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. ఆయనకూ స్కానర్ కట్టిన హౌన్స్‌ఫీల్డ్‌కూ కలిపి 1979లో నోబెల్ ఇచ్చారు.

బోధనను "ఏదీ రాకపోతే" అన్న జాబితాలో చివర రాసుకోకండి. ఒక భిన్నాన్ని మరో భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేసి గుణిస్తామో పన్నెండేళ్ల పిల్లకు చెప్పి చూడండి. నిరూపణ రాయడం కంటే కష్టం. అది ఆనందంగా అనిపిస్తే, టీచర్ శిక్షణకు కావలసిన అర్హతలేమిటో మీరుండే చోట ముందే కనుక్కోండి. ట్యూటరింగ్‌తో చదువుకుంటూనే రుచి చూడవచ్చు.

ఇక పరిశోధన. పీహెచ్‌డీకి చోటును బట్టి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది, చాలాచోట్ల భృతి ఇస్తారు. పీహెచ్‌డీలు చేసేవాళ్లతో పోలిస్తే విశ్వవిద్యాలయాల్లో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ ఏళ్లలో ప్రోగ్రామింగ్ వదిలేయకపోతే బయటి దారులు తెరిచే ఉంటాయి. మీకు పరిశోధన పడుతుందో లేదో పరీక్ష మార్కులు చెప్పవు. ఒక వేసవి ప్రాజెక్టులో, జవాబు ఉందో లేదో కూడా తెలియని ప్రశ్నతో రెండు నెలలు గడిపి చూడండి. ఆ రెండు నెలలు నరకంలా గడిస్తే అది కూడా విలువైన సమాచారమే.

ఏడో పని: చివరి ఏడాది

ఏదైనా ఒక కోర్సులో తప్పితే డిగ్రీయే తప్పుడు నిర్ణయమనుకోకండి. ముఖ్యంగా రియల్ అనాలిసిస్ చాలామందికి రెండోసారి చదివినప్పుడే అర్థమవుతుంది. అయితే రెండేళ్లు గడిచాక కూడా అభ్యాసాల కాగితం చూడగానే వెగటు పుడుతుంటే, స్టాటిస్టిక్స్‌కో కంప్యూటర్ సైన్స్‌కో మారే వీలుందేమో అడగండి. చదివిన కోర్సులు చాలావరకు అక్కడా లెక్కకొస్తాయి.

రెజ్యూమేలో కోర్సుల పేర్లు గుప్పించకండి. గలోవా సిద్ధాంతం చదివానంటే మానవ వనరుల విభాగంలో కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు. "ఇంత డేటా తీసుకుని, ఈ ప్రశ్న అడిగి, ఈ పద్ధతి వాడి, ఇది తేల్చాను, ఇక్కడ ఈ పద్ధతి పనిచేయదు" అని చెప్పగల ప్రాజెక్టు ఒకటి ఉంటే చాలు. ఆ చివరి వాక్యాన్ని తప్పకుండా ఉంచండి. ఎక్కడ పనిచేయదో చెప్పగల అభ్యర్థిని అడిగేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఇంటర్వ్యూలో ప్రశ్న రాగానే లెక్కలోకి దూకకుండా, ఏమేం అనుకుంటున్నారో ముందు పైకి చెప్పండి. జవాబు దాకా వెళ్లలేకపోయినా దారి సరైనదైతే మార్కులు పడతాయి.

పై చదువులకు వెళ్లేవాళ్లకు సిఫార్సు లేఖలు కావాలి. అవి మార్కుల నుంచి పుట్టవు, పరిచయం నుంచి పుడతాయి. మీరు వేసిన ప్రశ్నలు గుర్తున్న అధ్యాపకులనే అడగండి, గడువుకు కనీసం నెలన్నర ముందు. అడిగేటప్పుడు మీ ప్రాజెక్టు కాగితం, వాళ్ల దగ్గర చదివిన కోర్సుల జాబితా, ఎక్కడెక్కడికి దరఖాస్తు చేస్తున్నారో ఆ చివరి తేదీలు ఒకే పేజీలో రాసి ఇవ్వండి. గడువుకు వారం ఉందనగా ఒక్కసారి గుర్తుచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.